పావు తిప్పు

మా బావ కార్బురేటర్లు తప్ప ఇంకేమీ బాగుచెయ్యడు. బ్రేకులు, చైన్లు, టైర్లు, లైట్లు ఇవన్నీ ఆయన లెక్కలో బండికి తగిలించిన నగలు. బండంటే కార్బురేటరు, అంతే. ఇంజనుకి పెట్రోలెంత, గాలెంత కలిపి పంపాలో చూసుకునే ఆ పిడికెడు లోహపు ముక్క కోసం నలభై ఒక్క ఏళ్ళు ఒకే స్టూలు మీద కూర్చున్నాడు. వీధిలో ఎవరికీ ఆయన అసలు పేరు తెలియదు, "కార్బురేటరాయన" అంటారు. పాలవాడు ఒకసారి నోరు జారి మా అక్కని "కార్బురేటరమ్మ గారూ" అన్నాడు. వారం రోజుల పాటు వాడు పోసిన పాలకంటే ఎక్కువ తిట్లు వాడికి అందాయి.

నేను ఆయన బావమరిదిని. నీళ్ళ మీటర్ల ఆఫీసులో గుమాస్తాని. నాకు బండి నడపడం వచ్చు, ఆపడం వచ్చు, మధ్యలో అదేం చేస్తుందో తెలియదు. ఈ కథలో నా పాత్ర చెప్పుకోదగ్గది కాదు. అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే జరిగినదాంట్లో సగం పాపం నాది.

బావ షాపంటే ఇంటి ముందు గదే. వీధి వైపు గోడ తీసేసి షట్టరు పెట్టించాడు. లోపల ఒక బల్ల, ఒక స్టూలు, గోడకి వరసగా మేకులు, ఆ మేకులకి స్పానర్లు. బల్ల మీద ఎప్పుడూ ఒక తెల్ల పింగాణీ పళ్ళెం ఉంటుంది. బండి రాగానే కార్బురేటరు విప్పి, అడుగున ఉండే చిన్న గిన్నెలోని పెట్రోలు ఆ పళ్ళెంలో ఒంపేవాడు. తెల్లటి పింగాణీ మీద అన్నీ కనపడేవి. ఎర్రటి పొడి కనపడితే ట్యాంకులో తుప్పు. చిన్న చిన్న గుండ్రటి బొట్లు విడివిడిగా దొర్లితే నీళ్ళు. బండి యజమాని "ఏం తేడా లేదండీ, నిన్నటిదాకా బాగానే ఉంది" అంటుంటే బావ ఆ పళ్ళెం వైపు చూపించి ఊరుకునేవాడు.

పెట్రోలు చిమ్మే సన్నటి రంధ్రాలున్న ఇత్తడి ముక్కలుంటాయి, వాటిని జెట్లంటారు. వాటిలో మురికి పడితే బండి దగ్గుతుంది. అందరూ గుండుసూదితో పొడుస్తారు. బావ మటుకు పాత కరెంటు తీగలోంచి లాగిన ఒక్క రాగి పోగుతో శుభ్రం చేసేవాడు. "ఉక్కు పెడితే ఇత్తడి అరిగిపోద్దిరా. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైతే చాలు, బండి తాగుబోతయిపోద్ది," అనేవాడు. తర్వాత జెట్టు పెదాల మధ్య పెట్టుకుని ఊది, కిటికీ వెలుగుకి ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి చూసేవాడు. అవతల చుక్కంత వెలుగు గుండ్రంగా కనపడితే పని అయినట్టు.

ఇదంతా మామూలు మెకానిక్కులూ చేస్తారు. బావ గొప్పతనం ఆ తర్వాత మొదలవుతుంది.

కార్బురేటరు పక్కన గాలి స్క్రూ అని ఒక చిన్న ఇత్తడి స్క్రూ ఉంటుంది. లోపలికి బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు వాటా పెరుగుతుంది. బయటికి తీస్తే గాలి పెరుగుతుంది. పూర్తిగా బిగించి, అక్కణ్ణుంచి ఒకటిన్నర తిప్పు వెనక్కి తియ్యమని పుస్తకాల్లో రాసి ఉంటుందట. "తిప్పులు లెక్కపెట్టేవాడు గుమాస్తాగిరి చేసుకోవాలి," అని బావ నా వైపు చూసేవాడు. ఆయన ఇంజను ఆన్ చేసి, కళ్ళు మూసుకుని, తల కాస్త ఎడమకి వంచి, స్క్రూ తిప్పుతూ వినేవాడు. చప్పుడు మెల్లగా పైకి ఎక్కుతుంది, ఒక చోట తేటగా పలుకుతుంది, ఆ చోటు దాటితే మళ్ళీ తడబడుతుంది. ఆ తేట చోట ఆయన చెయ్యి ఆగిపోయేది. ఎంత తిప్పావు బావా అంటే, ఎవరికి తెలుసు అనేవాడు. ఏ బండి ఎక్కడ పలుకుతుందో ఆ బండే చెప్పాలట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి, కానీ ఆ రోజుల్లో ఆయన పట్టిన కుందేళ్ళకి నిజంగానే మూడు కాళ్ళుండేవి. దూరపు ఊళ్ళ నుంచి జనం బళ్ళు నెట్టుకుంటూ వచ్చేవారు.

బావకీ అక్కకీ పిల్లలు లేరు. వాళ్ళింట్లో తొమ్మిదేళ్ళు తిని, పడుకుని, తిట్లు తిని పని నేర్చుకున్నవాడు ఒకడున్నాడు. చేరినప్పుడు బల్ల ఎత్తు కూడా లేడని బావ వాడికి పొట్టోడని పేరు పెట్టాడు. వాడు ఆరడుగులు పెరిగాడు గానీ పేరు పెరగలేదు. ఇప్పుడు వాడికి నలభై దాటాయి. రెండు వీధుల అవతల పెద్ద షాపు, నలుగురు పనివాళ్ళు, కార్బురేటరు లేని కొత్త బళ్ళని తీగ తగిలించి పరీక్ష చేసే కంప్యూటరు. ఆ కంప్యూటరు కొన్న రోజు బావ వెళ్ళి చూసి, "దీనికి చెవులెక్కడున్నాయిరా?" అని అడిగి వచ్చేశాడు. పొట్టోడు నవ్వాడు. ఎదిగాక కూడా మాస్టారు తిడితే నవ్వే శిష్యుడు నేను చూసినంతలో వాడొక్కడే.

బావకి వినికిడి ఎప్పుడు తగ్గడం మొదలైందో ఎవరికీ తెలియదు. ఇంజను పక్కన అందరూ అరిచే మాట్లాడతారు కాబట్టి షాపులో తెలియలేదు. ఇంట్లో, భార్య మాట వినపడని మొగుడంటే అదొక జబ్బని ఎవరైనా అనుకుంటారా? "నేను పిలిస్తే మీకెప్పుడు వినపడింది గనక," అని అక్క, "ఈ మధ్య జనమంతా నోట్లో నోట్లో మాట్లాడుతున్నారు," అని బావ. మేమందరం నవ్వుకున్నాం. ఒకసారి చెవులు చూపించుకోమని నేను మెల్లగా అంటే, "ఆ డాక్టరు బండి మూడేళ్ళుగా నేనే ట్యూన్ చేస్తున్నా. ఆయనా నా చెవులు చూసేది?" అన్నాడు. ఆ మాటకీ నవ్వాను.

రెండేళ్ళ కిందట ఒక రోజు బావ దగ్గర నా బండి బాగుచేయించుకుని ఆఫీసుకి వెళ్తుంటే వెనక నల్లటి పొగ. సిగ్నల్ దగ్గర ఆగితే పెట్రోలు వాసన. వెనక్కి వెళ్ళి బావతో చెప్పాలంటే భయం. నీ నడపడం బాగాలేదంటాడు, పెట్రోలు బాగాలేదంటాడు, ఆఖరికి నా పుట్టుక బాగాలేదంటాడు. దారిలో పొట్టోడి షాపు కనపడితే ఆగాను. వాడు ఒక్క క్షణం విన్నాడు. ఎవరూ చూడటం లేదని చూసుకుని, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, గాలి స్క్రూని పావు తిప్పు బయటికి తీశాడు. బండి గొంతు సవరించుకున్నట్టు అయింది.

"ఏమైందిరా?"

"ఏం లేదు బాబాయ్, దుమ్ము," అన్నాడు.

రెండు నెలలకి మళ్ళీ అదే జరిగింది. ఈసారి నేను వదల్లేదు. వాడు చాలాసేపు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు. "మాస్టారికి బరువు చప్పుడు వినపడుతోంది బాబాయ్. పైన సన్నగా ఈల లాంటిదొకటి ఉంటుంది, అది పలికే చోట ఆపాలి. అది ఆయనకి వినపడట్లేదు. చప్పుడు చెవికి బరువుగా తగిలేదాకా బిగించేస్తున్నారు. మీదొక్కటే కాదు, వచ్చే ప్రతి బండీ అంతే."

"ఆయనకి చెప్పొద్దా?"

"చెప్పి?" అన్నాడు. "పావు తిప్పే కదా. నేను తీసేస్తా. వచ్చినవాళ్ళని ఇటుగా ఇంటికి వెళ్ళమనండి చాలు."

అలా మొదలైంది. ట్యూషన్లు చెప్పే పంతులు, కొరియరు అతను, బట్టలు కుట్టే ఆవిడ కొడుకు, నేను, ఇంకో పదిహేను మంది. అందరం బావ దగ్గరికి వెళ్ళేవాళ్ళం, ఆయన కళ్ళు మూసుకుని తల వంచి తిప్పుతుంటే భక్తిగా నిలబడేవాళ్ళం, "అబ్బ, మీ చెయ్యి పడాల్సిందే" అనేవాళ్ళం, నేరుగా రెండు వీధుల అవతలికి వెళ్ళి పావు తిప్పు తీయించుకునేవాళ్ళం. ఇంతమందికి తెలిసిన విషయం ఆయనొక్కడికే తెలియదు. మేమేదో పెద్ద పుణ్యం చేస్తున్నామనుకున్నాం. నిజం చెప్పాలంటే నాకది సరదాగా కూడా ఉండేది. ఇప్పుడు తల్చుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆయన చెవులు పోయాయి గానీ కళ్ళు పోలేదు. అది మేం మర్చిపోయాం.

బావ స్క్రూడ్రైవరు కొన్నది కాదు. విరిగిన చక్రపు పుల్లని సానబట్టి, ఆ స్క్రూ గాడిలో అచ్చంగా సరిపోయేలా చేసుకున్నది. నలభై ఏళ్ళలో ఒక్క ఇత్తడి స్క్రూ మీద గీత పడనివ్వలేదు. పొట్టోడిది బజారు సరుకు. పైగా వాడికి దాన్ని కాస్త వాల్చి పెట్టే అలవాటుంది. తొమ్మిదేళ్ళు తిట్టినా మాన్లేదు. అందుకని గాడి ఒక చివర ఇత్తడి చిట్లి, బియ్యపు నూకంత మెరుపు మిగిలేది. ఆ మెరుపు బావ ముందు పంతులు బండి మీద చూశాడు. తర్వాత కొరియరు అతని బండి మీద. ఆ తర్వాత నా బండి మీద. ఎవరికీ ఏమీ చెప్పలేదు. నా బండి బాగుచేసి ఇచ్చేటప్పుడు, స్క్రూ మీంచి పక్కనున్న బాడీ మీదికి సన్నగా ఎర్ర రంగుతో ఒక గీత గీశాడు. నేను చూసుకోలేదు. మామూలుగానే పొట్టోడి దగ్గరికి వెళ్ళి ఇంటికొచ్చాను.

మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. నేను పళ్ళు తోముకుంటూ బయటికి వచ్చేసరికి నా బండి పక్కన గొంతుక్కూర్చుని, చేతిలో భూతద్దంతో కనపడ్డాడు.

"ఇటు రా."

"ఏంటి బావా పొద్దున్నే?"

"ఈ గీత నిన్న నేను పెట్టా. సగం ఇక్కడుంది, సగం అక్కడుంది. స్క్రూలు వాటంతటవే నడుస్తాయా?" నేను నోట్లో నురగతో నిలబడిపోయాను. "ఆ గాటు ఎవడిదో నాకు తెలుసు. పొట్టోడి దగ్గరికి వెళ్ళావా?"

అప్పుడు నేను నిజం చెప్పి ఉండాల్సింది. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు, ఎంత మెల్లగా చెప్పినా పెదాలు చదివేవాడు. నేను నోరు కడుక్కునే వంకతో అటు తిరిగి, మళ్ళీ ఇటు తిరిగి, "నేను వెళ్ళలేదు బావా. దారిలో వాడే ఆపాడు. ఒకసారి చూస్తానని..." అన్నాను.

"నువ్వు అడక్కుండానే?"

"అడక్కుండానే."

మనసులో ఇంకేదైనా పెట్టుకుని అన్నానా అంటే లేదు. ఆ నిమిషం గడిస్తే చాలనుకున్నాను. పిరికివాడికి ఎప్పుడూ ఆ నిమిషమే కనపడుతుంది.

బావ నన్ను వెంటబెట్టుకుని పొట్టోడి షాపుకి నడిచాడు. పనివాళ్ళు, బళ్ళ కోసం ఎదురుచూస్తున్న జనం, పక్కన టీ తాగుతున్న జనం. వీధిలోంచే మొదలుపెట్టాడు.

"ఒరేయ్ పొట్టోడా! బయటికి రా! నా చేతిపని పాడుచేస్తున్నావట్రా?"

పొట్టోడు వచ్చాడు. నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

"నేను సరిచేసి పంపిన బళ్ళు దారి కాచి చెడగొడతావా? జనం నన్ను తిట్టుకుని నీ దగ్గరికి రావాలనా? రాని పనేదైనా ఉంటే, అడిగితే నేర్పేవాణ్ణి కదరా, ఇదెందుకురా? ఏకై వచ్చి మేకై కూర్చున్నావు కదరా!"

పొట్టోడికి ఒక్క మాట చాలు. మాస్టారూ, మీకు వినపడటం లేదు. ఆ ఒక్క మాట అంటే వాడి పరువు నిలబడుతుంది. వాడు రెండడుగులు ముందుకొచ్చి, బావ ముఖానికి ఎదురుగా, పెదాలు కనపడేలా నిలబడి, "తప్పైపోయింది మాస్టారూ," అన్నాడు. గట్టిగా అన్నాడు. ఆయనకి వినపడాలని గట్టిగా అన్నాడు. దాంతో అది వీధంతా వినపడింది.

"అంటే ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నా. ఇంక మీ బళ్ళు ముట్టుకోను."

మాట మీద నిలబడ్డాడు. మర్నాటి నుంచి ఎవరు వెళ్ళినా, "మాస్టారికి మాటిచ్చాను," అని చేతులు వెనక్కి పెట్టుకునేవాడు. బావ బిగించింది బిగించినట్టే ఉండిపోయింది. ప్లగ్గులు నల్లబడ్డాయి, పొగలొచ్చాయి. నెల తిరక్కుండా పంతులు కొత్త బండి కొన్నాడు. కొరియరు అతను వేరే మెకానిక్కుని వెతుక్కున్నాడు. మూడు నెలలకి బావ షట్టరు తీసి, బల్ల తుడిచి, పళ్ళెం కడిగి, మధ్యాహ్నం దాకా వీధి వైపు చూస్తూ కూర్చునే పరిస్థితి వచ్చింది. ఆయనకి కారణం ఒక్కటే తెలుసు. వచ్చినవాడికీ రానివాడికీ అదే చెప్పేవాడు. పాలు పోసి పెంచాను, కాటేశాడు. ఆ మాట ఊరంతా తిరిగింది. నిజం తెలిసిన మేం ఒక్కరం కూడా నోరు విప్పలేదు. పొట్టోడి షాపుకి కూడా జనం తగ్గారు. మాస్టారి పని చెడగొట్టినవాడు మన బండికి మాత్రం ఏం చెయ్యడని నమ్మకం?

నేను మాత్రం వెళ్తూనే ఉన్నాను. ఆఖరికి నా ఒక్క బండే మిగిలింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం. బావ ఆ రోజు నా బండిని ఎన్నడూ లేనంత శ్రద్ధతో చేశాడు. ప్రతి జెట్టూ రాగి పోగుతో తుడిచి, రెండుసార్లు ఊది, వెలుగుకి పట్టి చూశాడు. అంతా బిగించి, ఇంజను ఆన్ చేసి, కళ్ళు మూసుకున్నాడు. అక్క లోపలి గుమ్మంలో నిలబడి బట్టలు మడతపెడుతోంది. స్క్రూ తిరుగుతోంది. చప్పుడు పైకెక్కి తేటగా పలికింది. ఆయన చెయ్యి ఆగలేదు. ఆ చోటు దాటిపోయాడు. ఇంజను కఫం పట్టిన గొంతుతో గుడగుడమంటుంటే, ఇంజన్ల సంగతి ఏమీ తెలియని నాకే తెలిసిపోయింది. అక్కడ ఆయన ఆగాడు. ముఖంలో ఎంత తృప్తి! మూడు నెలల తర్వాత మా బావ నవ్వడం చూశాను.

"విన్నావురా? ఎంత హాయిగా ఉందో?"

"అవును బావా," అన్నాను.

"లేదు," అంది అక్క.

ఆయనకి వినపడలేదు. అక్క మడతపెడుతున్న చొక్కా భుజం మీద వేసుకుని వచ్చి, ఆయన ఎదురుగా నిలబడింది. "లేదండీ. బిగిసిపోయింది. ఇంకో పావు తిప్పు బయటికి తియ్యాలి."

బావ ముందు నవ్వాడు. "నీకేం తెలుసే?"

"ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ గోడ అవతల వంట చేస్తున్నా. ఏ బండి కుదిరిందో, ఏది కుదర్లేదో నాకు తెలియదా? అది కుదిరినప్పుడు నేను స్టవ్వు తగ్గించి, మీకు టీ పోసేదాన్ని. రెండేళ్ళుగా ఏదీ కుదరట్లేదు. నేనే ఊరికే పోస్తున్నా."

బావ నా వైపు తిరిగాడు. బండి పొగ కక్కుతూనే ఉంది. అక్కే చెప్పింది. ఒక్కొక్క మాటా పెదాలు కనపడేలా చెప్పింది. బళ్ళు ఎటు వెళ్ళేవో, పొట్టోడు ఏం చేసేవాడో, తప్పైపోయిందని ఎందుకన్నాడో. "నిన్న కూరగాయల దగ్గర ఒకావిడ, మీరు పెంచినవాడేగా ఆ దొంగ, అంది నాతో. తొమ్మిదేళ్ళు నా చేత్తో పెట్టిన అన్నం తిన్నాడు వాడు. మీ పరువు కోసం వాణ్ణి దొంగని చెయ్యలేనండీ. నా వల్ల కాదు."

బావ చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు. స్క్రూడ్రైవరు ఇంకా చేతిలోనే ఉంది. అక్క ఏడుస్తోంది. ఆయన ఏడవలేదు, అరవలేదు. నేనైతే అరుస్తాడనుకున్నాను, అరిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. స్క్రూడ్రైవరుని గుడ్డతో తుడిచి, మేకు దగ్గర పెట్టబోయి, దానికి తగిలించే చిల్లు లేదని అప్పుడే గుర్తొచ్చినట్టు, బల్ల మీద పెట్టాడు.

రెండు రోజుల తర్వాత చెవుల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. గాజు తలుపుల గదిలో కూర్చోబెట్టి, చెవులకి డిప్పలు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా వేలు ఎత్తమన్నారు. బావ బడిలో పిల్లాడిలా వేలు సిద్ధంగా పెట్టుకుని కూర్చున్నాడు. మొదట నాలుగైదు సార్లు ఎత్తాడు. తర్వాత చాలాసేపు ఎత్తలేదు. అద్దం అవతల యంత్రం మీద బొత్తం నొక్కుతున్న అమ్మాయి చెయ్యి మాత్రం కదులుతూనే ఉంది. ఆయన ఆ చెయ్యి చూశాడు. చూసి, వినపడకుండానే రెండుసార్లు వేలు ఎత్తాడు, మళ్ళీ తనే దించేసుకున్నాడు.

బావ ఏం పని చేస్తారని డాక్టరు అడిగాడు. నేను చెప్పాను. "అదే కారణం. అన్నేళ్ళు ఆ చప్పుడు పక్కన ఉంటే చెవి లోపలి నరం చచ్చిపోతుంది. మిషను పెడితే మాటలు కాస్త తేలిగ్గా తెలుస్తాయి. పోయిన చప్పుళ్ళు మాత్రం రావు." డాక్టరు ఏమన్నాడని బావ నన్ను అడిగాడు. మిషను పెడితే బాగుంటుందన్నాడని చెప్పాను. ఆయన డాక్టరు పెదాలు ముందే చదివేశాడు, నన్ను ఊరికే అడిగాడు.

అక్కణ్ణుంచి ఇంటికి కాకుండా పొట్టోడి షాపుకి నడిచాడు. వీధిలోనే నిలబడ్డాడు. అప్పటిలాగే జనం ఉన్నారు, కాకపోతే తక్కువ.

"ఒరేయ్, అరిచిన చోటే చెప్పాలని వచ్చా," అన్నాడు అందరికీ వినపడేలా. "వీడు నా బళ్ళు చెడగొట్టలేదు. నేను చెడగొట్టినవి బాగుచేశాడు. నాకు చెవుడు. తప్పు నాది."

పొట్టోడు పరిగెత్తుకొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. అంత పొడుగు మనిషీ వంగిపోయాడు. లోపలికి తీసుకెళ్ళి కుర్చీ వేశాడు. బావ కూర్చోలేదు.

"ఒక్కటి అడుగుతా చెప్పు. ఈ రెండేళ్ళలో ఒక్క బండైనా నేను సరిగ్గా చేసి పంపానా?"

"ఎందుకు పంపలేదు మాస్టారూ? సగానికి సగం నేను ముట్టుకోనే లేదు. ఒట్టు. విని, బాగుందని పంపేసేవాణ్ణి."

"సగానికి సగమా?"

"ఎక్కువే ఉంటాయి."

బావ వాడి పెదాల వైపే చూశాడు. తల ఊపాడు. రేపట్నుంచి ఇక్కడికొచ్చి కూర్చోమని, జెట్లు ఆయన శుభ్రం చేసినట్టు ఎవరూ చెయ్యలేరని, ఆ పని ఒక్కటి చూసుకోమని పొట్టోడు బతిమాలాడు. చూద్దాంలేరా అని బయటికొచ్చాడు. ఆయన రాడని వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇంటి వైపు నడుస్తున్నాం. ఎదురుగా ఎండ. మొదటి వీధి దాటాక బావ ఆగాడు.

"ఈ రెండేళ్ళలో, ఆ గొడవకి ముందు, నీ బండి నాకెన్నిసార్లు ఇచ్చావు?"

"పదకొండు సార్లు."

"ఏంటీ?"

నేను పది వేళ్ళు చూపించి, ఇంకొకటి చూపించాను.

"వాటిలో వాడు ఎన్నిసార్లు స్క్రూ తిప్పాడు?"

తక్కువ చేసి చెప్పవచ్చు. ఆరు అనవచ్చు, ఏడు అనవచ్చు. పొట్టోడి అబద్ధానికి సరిపోయేలా అయిదు అన్నా చాలు. ఆయన నా చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఈ మనిషికి నేను చెప్పిన అబద్ధాలు చాలు.

మళ్ళీ పది వేళ్ళు చూపించాను. ఇంకొకటి చూపించాను.

బావ ఆ ఒక్క వేలు వైపు కాసేపు చూశాడు. తర్వాత రోడ్డు పక్కకి జరిగి, నాకంటే ముందు నడిచాడు.